దొరికినోడు

ట్రక్కు వెనక గుడ్డ ఎత్తి దిగమన్నారు. దిగాను. నాలుగడుగులు వేసి రాయి మీద కూలబడ్డాను. వీపున బ్యాగు, భుజాన రైఫిలు, ముక్కులో ఎండిన నెత్తురు. మిట్టమధ్యాహ్నపు ఎండకు కళ్లు తెరవలేకపోతున్నాను, అదే మధ్యాహ్నపు చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. లడఖ్ తూర్పు కొస. పద్నాలుగు వేల అడుగుల పైన. చెట్టు లేదు, గడ్డి లేదు. రాళ్లు, దుమ్ము, ఎదురుగా ఒక గట్టు. గట్టు మీద చైనావాళ్లు.

ఊళ్లో ఎవరు కలిసినా నన్ను రెండే అడుగుతారు. చలి ఎంతుంటుంది, ఎంతమందిని లేపేశావు. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఎవరినీ లేదు. నేనున్నన్నాళ్లూ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఒక్క తూటా రాలేదు, ఇటు నుంచి పోలేదు. నా మనిషికి దెబ్బ తగిలింది ఇక్కడ, మన మహబూబాబాద్ చౌరస్తాలో, డప్పుల మోత మధ్య. అదెలా జరిగిందో చెబుతాను. వీరగాథ విని చప్పట్లు కొడదామని కూర్చున్నవాళ్లు లేచిపోవచ్చు.

"కూర్చోకు, లే. కూర్చుంటే తల ఇంకా తిరుగుతుంది. మెల్లగా నడువు, గుక్క గుక్కగా నీళ్లు తాగు," అంటూ ఒక చెయ్యి నా చంక కింద దూరింది. టోపీకీ కంఠం చుట్టూ కట్టిన మఫ్లరుకీ మధ్య ఓ ముఖం. చలికి పగిలిన బుగ్గలు, సన్నటి కళ్లు, ఎడమ చెవి మీద పాత గాటు. నేను ఒకసారి ఎదురుగట్టు వైపు చూశాను, ఒకసారి అతని వైపు చూశాను. అతనికి అర్థమైపోయింది.

"కంగారు పడకు. నేను ఇటువైపే," అన్నాడు.

అతను మా రేడియో ఆపరేటర్ దోర్జీ. అరుణాచల్ మనిషి. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజు ఆ మాట చెప్పడం అతనికి అలవాటైపోయింది. నవ్వుతూనే చెప్పేవాడు. మా మాటలన్నీ హిందీలో నడిచేవి, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

బంకరంటే మీరు సినిమాలో చూసేది కాదు. ఇసుక బస్తాల గోడ, పైన రేకు, రేకు మీద రాళ్లు. లోపల నడుం నిటారుగా పెట్టి నిలబడలేం. మధ్యలో బుఖారి అనే కిరోసిన్ పొయ్యి. దాని మీద మంచు కరిగిస్తేనే తాగడానికి నీళ్లు. పడుకునేటప్పుడు బూట్లు కూడా స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాయి. ముఖం కడుక్కోవడం అనే అలవాటు మొదటి వారంలోనే పోయింది. కిరోసిన్ మసికి అందరం నల్లగా ఉండేవాళ్లం. నేను మసి లేకుండా కూడా నల్లగానే ఉండేవాణ్ని.

మా సెక్షన్‌కు పెద్ద ఒక హవల్దార్. తెలుగువాడే, కోస్తా మనిషి. మొదటి రోజు నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో, నేను నోరు తెరవగానే అంత నవ్వాడు. "గిట్లనా? గట్లనా? ఏందిరా బై?" అని నా మాట నాకే ఒప్పజెప్పేవాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే తన కంబళి ఇచ్చాడు, ఇస్తూ కూడా "గీ కంబడి గప్పుకో" అన్నాడు. కంబళిని మా దగ్గర కూడా కంబళే అంటారు. మా యాసలో ఉందనుకున్నది అతను తయారు చేసుకున్నాడు. సినిమాల్లో నౌకరుకీ దొంగకీ మా మాట పెట్టి నవ్వించినవాళ్లు చేసింది కూడా ఇదే.

ఆ ఏడాది రెండు దేశాల మధ్యా మాటలు ముదిరాయి. మాకు ఫోన్లు లేవు, కింది క్యాంపులోనే జమ చేయించుకున్నారు. కాని సరుకుతో పైకొచ్చే వాళ్లు కార్టూన్లు అచ్చేసి తెచ్చేవాళ్లు. అలా ఒకటొచ్చింది, మనవాళ్లు గీసిన చైనా సైనికుడు. పసుపుపచ్చ ముఖం. కళ్లున్న చోట రెండు గీతలు. ముందుకు తోసుకొచ్చిన పళ్లు, గడ్డం దాకా వేలాడే రెండు పోచల మీసం, చేతిలో గబ్బిలం. హవల్దార్ దాన్ని బంకరు తలుపు చెక్కకు అంటించాడు.

"ఆపరేటర్ భాయ్, మీ తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. చాయ్ పొయ్యనా?" అన్నాడు వంటవాడు.

అందరం నవ్వాం. దోర్జీ కూడా నవ్వాడు. "పొయ్యి. చక్కెర మాత్రం వెయ్యకు, వాడికి అలవాటు లేదు," అన్నాడు.

ఇంకో విడత సరుకుతో ఎదుటివాళ్ల కార్టూన్ వచ్చింది. మన సైనికుడట. తారు రంగు ఒళ్లు, వాచిన పెదాలు, బయటికి కనిపించే పక్కటెముకలు, ఒక చేత్తో జారిపోతున్న ప్యాంటు, ఇంకో చేతిలో ఖాళీ పళ్లెం. బంకరంతా ఒక్క క్షణం చూసింది. తర్వాత అందరూ నా వైపు తిరిగారు.

"ఒరేయ్, వీళ్లకి నీ ఫోటో ఎవరు పంపార్రా?" అన్నాడు హవల్దార్.

నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో వారం అదే సాగుతుందని తెలుసు. దోర్జీ ఒక్కడే నవ్వలేదు, రేడియో సెట్టు బ్యాటరీలు తుడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పగటి కాపలాలో ఇద్దరం పక్కపక్కన పడ్డాం. గాలి ఆగి ఉంది. ఎదురుగట్టు మీద ఒకడు మగ్గులోంచి ఏదో తాగుతున్నాడు, దుర్భిణిలో కనిపిస్తున్నాడు.

"మండిందా?" అని అడిగాడు దోర్జీ.

"మండింది."

"నిన్ను గీసింది శత్రువు. వాడి పని వాడు చేశాడని ఊరుకోవచ్చు. నన్ను గీసిందెవరు?"

అతనే చెప్పుకుపోయాడు. ట్రైనింగ్ సెంటర్ ఉన్న ఊళ్లో అద్దెకు గది అడిగితే పాస్‌పోర్టు చూపించమన్నారట. రైల్లో పక్కన కూర్చున్న పెద్దాయన ఇంగ్లీషులో మాట కలిపి, మీ దేశం ఎలా ఉంది అని అడిగాడట. అప్పుడు దోర్జీ యూనిఫాంలోనే ఉన్నాడు.

నాకు రోషమొచ్చింది. "మా ఊరికి రా," అన్నాను. "మా మాటను సినిమాల్లో ఏళ్ల తరబడి వెక్కిరించారు. వెక్కిరింత ఎలా ఉంటుందో మావాళ్లకు తెలుసు. మా దగ్గర నిన్ను ఒక్కడు కూడా పరాయివాడనడు."

"గ్యారంటీ?"

"గ్యారంటీ."

చలి ముదిరాక నా ఒంట్లో తేడా వచ్చింది. మొదట దగ్గు. తర్వాత నాలుగడుగులకే ఆయాసం. తర్వాత పడుకుంటే ఊపిరాడక కూర్చోవాల్సి వచ్చింది. దగ్గితే గులాబీ రంగు నురగ. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని నర్సింగ్ పని తెలిసిన జవాను చెప్పాడు. కిందికి దించకపోతే పోతాడని కూడా చెప్పాడు, నాకు వినబడేలాగే. బయట మంచు గాలి. దారి మూసుకుపోయింది. హెలికాప్టర్ ఒక్కటే దిక్కు.

దోర్జీ సెట్టు మీద కూర్చున్నాడు. ఆ మాటలు నాకిప్పటికీ గుర్తే.

"కింది పోస్టు, కింది పోస్టు. పేషెంటుకు ఊపిరి అందట్లేదు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"వాతావరణం బాగాలేదు. ఎగరడం కుదరదు. ఆగండి. ఓవర్."

"మళ్లీ పిలుస్తాను. ఓవర్."

పిలుస్తూనే ఉన్నాడు. గాలికి బయటి ఏంటెన్నా తీగ తెగింది. గ్లవ్స్‌తో ఆ సన్నటి తీగ ముడి పడదు. గ్లవ్స్ తీసేసి బయటికెళ్లి కట్టాడు. మళ్లీ తెగింది, మళ్లీ కట్టాడు. చల్లారి చచ్చిపోతున్న బ్యాటరీలను చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని వేడి చేసి సెట్టుకు తగిలించాడు. మర్నాడు మబ్బు కాసేపు విడింది. ఆ కాసేపట్లో హెలికాప్టర్ రావాలంటే సెట్టు మోగుతూ ఉండాలి. మోగింది. నేను బతికాను. దోర్జీ రెండు చేతులూ మంచుకు కాలిపోయాయి. తర్వాతి హెలికాప్టర్‌లో అతన్నీ దించారు. కుడిచేతి రెండు వేళ్ల చివర్లు తీసేశారు.

కింది దవాఖానలో నేను ముందు కోలుకున్నాను. మళ్లీ యూనిఫాం వేసుకుని చిన్నచిన్న డ్యూటీలు చేస్తున్నాను. దోర్జీ ఇంకా పేషెంటే. ఒంటి మీద దవాఖాన కోటు, మణికట్ల దాకా తెల్లటి కట్లు. అక్కడ మా ఫోన్లు మాకు తిరిగిచ్చారు. ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. మా వైపు అవ్వ అంటే అమ్మ. మా అవ్వకు జరిగింది చెప్పాను. కాసేపు ఏడ్చింది.

"పేరేంది కొడుకా ఆ పిల్లగానిది?" అంది.

"దోర్జీ, అవ్వా."

"దొర జీనా? దొరలు పోయిండ్రని సంబురపడితిమి. నీకు మిలట్రీల గూడ దొరనే దొరికిండా?"

నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. దోర్జీ ఏమిటేమిటని అడిగాడు. చెప్పాను. మా దగ్గర దొర అంటే ఎవరో, మా అవ్వ చిన్నప్పుడు ఆ దొర ఉండే గడీ ముందు ఎన్నేళ్లు ఊడ్చిందో కూడా చెప్పాను. పడీపడీ నవ్వాడు. కట్లున్న చేతులు రెండూ దగ్గరికి చేర్చి ఫోనుకు దండం పెట్టాడు.

"దొర అనను బిడ్డా, చిన్నోడా అంట," అంది అవ్వ. "కురవి ఈరన్నకు మొక్కిన. మావోనికి ఒక జత వెండి మీసాలు, నీకొక జత. శివరాత్రి జాతరకు ఇద్దరు కలిసి రాండ్రి."

కురవి వీరభద్రుడు కోరమీసాల స్వామి. మొక్కు తీరితే మీసాలు చేయించి ఇస్తారు. ఇదంతా నేను హిందీలో చెప్పాక దోర్జీ తన పైపెదవి తడుముకున్నాడు. అక్కడ మొలిచేది మీసం అనడానికి లేదు. "నాకు లేని మీసం మీ దేవుడికిస్తారా?" అన్నాడు. ఆ వారమంతా వార్డులో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు, తనకు వెండి మీసాలు వస్తున్నాయని.

ఆ రోజే ఫోటో దిగాం. నేను యూనిఫాంలో, నా చెయ్యి అతని మెడ చుట్టూ. అతను దవాఖాన కోటులో, కట్ల చేతులు ముందుకు పెట్టుకుని. నేను పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను, అతను ఎండకు కళ్లు చికిలించాడు. ఆ ఫోటో మా బామ్మర్ది శ్రీకాంత్‌కు పంపాను. వాడు జనగామలో ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తాడు. జరిగిందేమీ చెప్పలేదు, ఫోటో కింద ఒక్క ముక్క మాత్రం రాశాను. "నాకు గీడ ఒకడు దొరికిండు." ఆ తర్వాత నన్ను పైకి పంపారు, ఫోన్ మళ్లీ జమ అయింది.

శివరాత్రికి ఇద్దరికీ సెలవు దొరికింది. రైల్లో దోర్జీ కిటికీ వదల్లేదు. గోదావరి దాటాక పత్తి కట్టెలు, ఎర్రగా ఎండబోసిన మిర్చి చూసి అదేమిటని అడిగాడు. మహబూబాబాద్‌ను మా నోట మానుకోట అంటామని చెబితే రెండు పేర్లూ పలికి చూసుకున్నాడు. కుడిచేతికి ఇంకా కట్టుంది. ఎడమ చేత్తో మా అవ్వకు తెచ్చిన ఉన్ని శాలువా సంచీ పట్టుకున్నాడు.

స్టేషన్ బయటికి వచ్చేసరికి డప్పులు మోగాయి. మా ఊరి యువజన సంఘం దండలు పట్టుకుని నిలబడింది. శ్రీకాంత్ ముందు నడిచొచ్చి నా కాళ్లకు మొక్కబోయాడు. దండ వేశారు, బొట్టు పెట్టారు, ఎవరో భుజాలకెత్తుకోబోతే వద్దన్నాను. అప్పుడు వాళ్ల చూపు నా వెనక నిలబడ్డ దోర్జీ మీద పడింది. డప్పు ఆగింది.

సంఘం పెద్ద ఒక అడుగు ముందుకేశాడు. "అన్నా," అన్నాడు, గొంతు తగ్గించి. "పట్టుకొనే వచ్చినవా?"

నాకు అర్థం కాలేదు. వాడు చౌరస్తా వైపు చెయ్యి చూపించాడు.

రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. పైన ఎర్రటి అక్షరాలు, "దొరికిండు!" దాని కింద, "మానుకోట సింహం పంజాకు స్వాగతం". మధ్యలో నేను. తల నాదే, ఒళ్లు నాది కాదు. ఎవడిదో కండలు తిరిగిన ఒళ్లు తెచ్చి అతికించారు. చుట్టూ మండలంలో పేరున్న వాళ్లంతా నల్లకళ్లద్దాలతో దండం పెడుతున్నారు. నా బూటు కింద ఒక తల. పసుపు పులిమిన ముఖం. కళ్లను అటూ ఇటూ లాగి గీతలు చేశారు. పళ్లు ఇటుకలంత చేసి బయటికి తెచ్చారు. పైపెదవి నుంచి గడ్డం దాకా రెండు పోచల మీసం. చేతుల కట్లను అలాగే ఉంచి వాటి చుట్టూ తాడు గీశారు. ఇంత చేసినవాడు ఎడమ చెవి మీది గాటు మాత్రం ముట్టుకోలేదు.

నేను గాటు చూసి గుర్తుపట్టాను. దోర్జీ నాకంటే ముందే గుర్తుపట్టాడు.

"ఆ అక్షరాలు ఏమంటున్నాయి?" అని అడిగాడు.

"దొరికాడు అని."

"దొరికాడంటే?"

"స్నేహితుడు దొరికాడని నేను రాశాను. అదే మాటకు మా భాషలో పట్టుబడ్డాడని కూడా అర్థం."

అతను తలూపాడు. కాసేపు చూశాడు. "మరి మీసం?" అన్నాడు. గ్యారంటీ అన్నావు కదా అంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. అని ఉంటే నేను ఏడ్చో, అరిచో కొంత తేలికపడేవాణ్ని.

శ్రీకాంత్ కాలరు పట్టుకుని పక్కకి లాగాను.

"ఏం జేసినవ్‌రా?"

"నువ్వే గద రాసినవ్ బావా, దొరికిండని!"

"దొరికిండంటే దోస్తు దొరికిండని రా!"

"గట్లెట్ల ఎరుకైతది బావా? చేతులు కట్టేసి ఉండె గద."

"కట్టు రా అది! గాయం కట్టు! నా పాణం కోసం కాలవెట్టుకున్న చేతులురా అవి!"

వాడి ముఖం పాలిపోయింది. కిందికి చూస్తూ గొణిగాడు. "ముఖం జూస్తె... చైనావోని లెక్కనే ఉండె గద బావా."

వాడికి ద్వేషం లేదు. అదే నన్ను ఇప్పటికీ చంపుతోంది. ద్వేషంతో చేసి ఉంటే రెండు పీకేవాణ్ని, లెక్క తీరేది. వాడు బావ మీద ప్రేమతో చేశాడు, రెండు రోజులు తిండి మాని కూర్చుని చేశాడు. కళ్లు లాగుతున్నప్పుడు, పళ్లు పెంచుతున్నప్పుడు వాడి చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఎలా గీయాలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మా బంకరు తలుపు మీది బొమ్మను వాడు ఎన్నడూ చూడలేదు, అయినా అదే మీసం, అవే పళ్లు. దాన్ని ఇక్కడ చిన్నప్పటి నుంచే నేర్చుకుంటాం కాబోలు.

అక్కడికక్కడే తాళ్లు కోయించాను. ఫ్లెక్సీ కిందపడి దుమ్ము లేచింది. సంఘం పెద్ద నొచ్చుకున్నాడు. "మిస్టేక్ అయింది గానీ అన్నా, బొమ్మనే గద. గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. శ్రీకాంత్ దోర్జీ ముందు చేతులు జోడించి "సారీ భయ్యా" అన్నాడు. దోర్జీ వాడి భుజం తట్టాడు. "నీ చేతిలో పనితనం ఉంది," అన్నాడు. వాడు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

ఇంటి దగ్గర అవ్వ వాకిట్లోనే ఉంది. నన్ను దాటుకుని నేరుగా దోర్జీ దగ్గరికి పోయింది. చేతులు పట్టుకుని చూసింది. కట్టు మీదుగానే కురచైన వేళ్లను కళ్లకద్దుకుంది. "గీ చేతులేనా చిన్నోడా," అంది. అతను శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు. మిట్టమధ్యాహ్నం, మానుకోట ఎండలో అవ్వ ఆ ఉన్ని శాలువా తియ్యలేదు. నాటుకోడి కూర, జొన్నరొట్టె పెట్టింది. తిన్నాడు. ఎడమ చేత్తో తినాల్సి వచ్చిందని తప్పు పట్టవద్దన్నాడు. ఇక అంతా సర్దుకుంటుందని నేను ఆశపడ్డాను.

సాయంత్రం అవ్వ పెట్టెలోంచి ఎర్రగుడ్డ మూట తెచ్చి విప్పింది. రెండు జతల వెండి మీసాలు. కొసలు పైకి తిరిగి, కోరగా, మెరుస్తున్నాయి. ఒక జత నా చేతిలో పెట్టింది. రెండోది అతని ముందుకు చాపింది.

"తీస్కో బిడ్డా. తెల్లారి నీ చేతులతోటే స్వామికియ్యి."

దోర్జీ వాటిని చూశాడు. చెయ్యి చాపలేదు. నా వైపు తిరిగి మెల్లగా హిందీలో అన్నాడు. "అమ్మకు చెప్పు. నా మీసం మీ ఊరివాళ్లు ముందే పెట్టేశారని."

"ఏమంటుండు కొడుకా?" అంది అవ్వ.

"అలిసిపోయిండట అవ్వా. రేపు చూద్దమంటుండు."

రేపు చూడలేదు. పొద్దున్నే బయల్దేరాడు. ఇంటి నుంచి ఫోనొచ్చిందన్నాడు. రాలేదని ఇద్దరికీ తెలుసు. ప్లాట్‌ఫాం మీద ఇద్దరు కుర్రాళ్లు అతన్ని చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని, ఫోనెత్తి ఫోటో తీశారు. వాళ్ల మీదికి పోబోయాను. దోర్జీ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎంతమందిని ఆపుతావు?" అన్నాడు. రైలెక్కాడు. కిటికీ వైపు కూర్చోలేదు.

సెలవులో మిగిలిన రోజులు నేను ఫ్లెక్సీలు వెతుక్కుంటూ తిరిగాను. ఎందుకంటే ఆ డిజైన్ బాగుందని జనగామ షాపు వాళ్లు ఇంకా చాలామందికి అచ్చేసి ఇచ్చారు. జనగామ బస్టాండు ముందు ఒకటి దొరికింది. అందులో నా తల లేదు, వేరే ఊరి జవాను తల ఉంది. భూపాలపల్లి పోతే అక్కడ ఏదో సభ ఫ్లెక్సీలో జవాను బదులు ఒక స్థానిక నాయకుడే యూనిఫాం వేసుకుని నిలబడ్డాడు. పైన తలలు ఊరికొకటి మారాయి. బూటు కింద మాత్రం అన్నిచోట్లా దోర్జీయే. షాపు ఓనరును నిలదీస్తే కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

"నీ ఫోటో తీసేసినం గద తమ్మీ, ఇంక నీకేం తక్లీఫ్?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

తిరిగి పోస్టుకు పోయాను. దోర్జీని వేళ్ల కారణంగా కింది పోస్టుకు మార్చారు. రోజూ సెట్టు మీద అతని గొంతు వినేవాణ్ని. "మీ మాట స్పష్టంగా వినబడుతోంది. ఓవర్." "అర్థమైంది. ఓవర్." ఎలా ఉన్నావని నేనడిగితే, "లైను ఖాళీగా ఉంచండి. ఓవర్" అనేవాడు. నిబంధన అదే, అతని తప్పేమీ లేదు. బంకరు తలుపు మీది కార్టూన్ నేను చింపేశాను. వంటవాడు తలుపు బోసిగా ఉందన్నాడు. తర్వాత దోర్జీ వేరే యూనిట్‌కు వెళ్లాడు. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తడు. శివరాత్రికి నేను పంపే సందేశానికి దండం బొమ్మ ఒకటి వస్తుంది. అంతే.

సర్వీసు పూర్తిచేసుకుని ఇంటికొచ్చాను. ఈసారి డప్పులు వద్దని ముందే చెప్పాను. అవ్వ నా జత మీసాలు నా చేతులతోనే కురవిలో ఎప్పుడో ఇప్పించింది. రెండో జత పెట్టెలోనే ఉంది. "చిన్నోని చేతులతోటి ఇయ్యాలె. మనమిస్తె మొక్కు తీరదు," అంటుంది. ఏటా శివరాత్రికి ముందు చింతపండు పెట్టి తోముతుంది, మళ్లీ ఎర్రగుడ్డలో చుడుతుంది.

నేనిప్పుడు మహదేవపూర్ అవతల ఒక కాలువ పనుల దగ్గర గేటు కాపలా. మొన్న మాఘంలో డ్యూటీ దిగి రోడ్డు వెంట నడుస్తుంటే ఒక మిర్చి కల్లం కనిపించింది. ముఖానికి గుడ్డ చుట్టుకుని ఒకామె రంగు తేలిపోయిన తాలు కాయలు ఏరుతోంది. ఎండబోసిన మిర్చి కింద ఫ్లెక్సీ. మిర్చి పలచబడ్డ చోట ఒక చెవి. దాని మీద గాటు.

ఆగిపోయాను. "అక్కా, గీ ఫ్లెక్సీ యాడిది?"

"భూపాలపల్లి నుంచి మా ఆయన దెచ్చిండన్నా. మస్తు గట్టిగున్నది. ఎండకు గూడ రంగు పోలే."

"గీ బొమ్మల ఉన్నాయన ఎవలో ఎరుకేనా?"

"ఎవలో దొంగోడు గావొచ్చు. చేతులు కట్టేసిండ్రు గద."

"దొంగోడు గాదక్కా. మావోడు."

ఆమె ఏరడం ఆపి నన్ను చూసింది. తర్వాత లేచి నిలబడింది. తన పాదాలు ఎక్కడున్నాయో చూసుకుని గబుక్కున పక్కకు జరిగింది. "అయ్యో! మీవోడా? పొద్దుగాల నుంచి తొక్కుతనే ఉన్న గదన్నా," అంది. వంగి రెండు చేతులతో మిర్చిని ఇవతలికి లాగింది. ముఖం మొత్తం బయటపడింది. పైనున్న నాయకుడు, అతని బూటు, అక్షరాలు అన్నీ చిరిగి ఎటో పోయాయి. మిగిలింది దోర్జీ ఒక్కడే.

"గీ మీసం ఎవలో పెన్నుతోటి గీకినట్టున్నరు," అంటూ కొంగు పక్కనున్న నీళ్ల చెంబులో ముంచి రుద్దింది. పోలేదు. ఇంకోసారి రుద్దింది. అది అచ్చులోనే ఉందని నేను చెప్పలేకపోయాను. మీసం వదిలేసి ఆమె కళ్ల మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి మిర్చి ఏరిన చెయ్యి. వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆ వేళ్లతో, ఎంతో మెల్లగా, గీతల్లాంటి ఆ కళ్లను ఒకదాని తర్వాత ఒకటి తుడుస్తోంది.

"వద్దక్కా," అన్నాను. "మండుతది."

ఆమె తలెత్తి నవ్వింది. "బొమ్మకెట్ల మండుతదన్నా?"

చెయ్యి ఇంకా ఆ కళ్ల మీదే ఉంది.